రాంచీలో చట్టం ఉంది, మరి భూమి ఏమైంది?

పోస్టు పెద్దది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

"మనకు 1/70 ఉంది కదా, మన భూమిని ఎవడు ఏం చేస్తాడు?" ఈ మాట గ్రూపులో చాలాసార్లు విన్నాం. ధైర్యంగా అనేవాళ్ళూ ఉన్నారు, పట్టించుకోకుండా అనేవాళ్ళూ ఉన్నారు. 1/70 గొప్ప చట్టమే, అందులో అనుమానం లేదు. కానీ మన చట్టం కంటే చాలా ముందు పుట్టి, మనలాంటి జనమే ప్రాణాలిచ్చి తెచ్చుకున్న చట్టం ఇంకొకటి ఉంది. ఆ చట్టం నడిమధ్యలోనే ఒక పెద్ద నగరం లేచి నిలబడింది. ఆ నగరం రాంచీ. మన కుర్రాళ్ళకు రాంచీ అంటే ధోనీ ఊరు. ధోనీ ఆడిన ఆ స్టేడియం ఎవరి పొలంలో ఉందో ఈ పోస్టు పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

రాంచీ మ్యాపు తెరిచి పేటల పేర్లు చదవండి. కరమ్‌టోలి, సిరమ్‌టోలి, ఇంకా బోలెడు టోలీలు. టోలి అంటే మన భాషలో గూడెం. అవన్నీ ఒకప్పటి ముండా, ఉరావ్ గూడేలు. ఉరావుల కుడుఖ్ భాష మన గోండి, కోయ, కువి లాగే ద్రావిడ కుటుంబం భాష. అందుకే వాళ్ళ కథ మనకు మరీ దూరపు చుట్టాల కథేం కాదు.

ముండాల్లో భూమి లెక్క ఇలా ఉండేది. అడవి కొట్టి మొదట ఊరు కట్టిన వంశానిదే ఆ ఊరి భూమి. దాన్ని ఖుంట్‌కట్టి అనేవారు. ఉరావుల ఊళ్ళలో భుయిన్‌హరి అనేవారు. పట్టా కాగితం లేదు. చనిపోయిన పెద్దల మీద నిలబెట్టిన రాళ్ళే పట్టా. ఆ రాళ్ళను సాసన్‌దిరి అంటారు. మా తాత ఇక్కడ పడుకుని ఉన్నాడు కాబట్టి ఈ నేల మాది అన్నమాట. ఈ లెక్క రాజుకు, జమీందారుకు, ఆ తర్వాత వచ్చిన తెల్లదొరకు అర్థం కాలేదు. అర్థమైనా ఒప్పుకోలేదు. బయట నుంచి వచ్చిన ఠేకాదారులకు, వడ్డీ వ్యాపారులకు ఊళ్ళకు ఊళ్ళే కౌలుకిచ్చేశారు. ఆ బయటివాళ్ళకు ఆదివాసీలు పెట్టిన పేరు దికూలు. 1831-32లో కోల్ తిరుగుబాటు వచ్చింది. దాన్ని అణిచాక, ఈ ప్రాంతాన్ని దగ్గరుండి పాలించాలని 1834లో కెప్టెన్ విల్కిన్సన్ తన ఆఫీసు పెట్టిన చోటే తర్వాత రాంచీ పట్నం అయింది. అంటే ఆ పట్నం పుట్టింది సంత కోసం కాదు, గుడి కోసం కాదు. తిరుగుబాటు మళ్ళీ రాకుండా కాపలా కాయడానికి పుట్టింది.

తిరుగుబాటు మళ్ళీ వచ్చింది. ఏళ్ళ తరబడి సర్దార్లు అర్జీలు పెట్టారు, కోర్టుల చుట్టూ తిరిగారు. 1899-1900లో బిర్సా ముండా ఉల్గులాన్. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైల్లోనే చనిపోయాడు. ఇదంతా మనకు తెలిసిందే, నవంబర్ 15న ప్రతి ఏడాదీ చెప్పుకునేదే. ఆ తర్వాత ఏమైందో మాత్రం తక్కువ చెప్పుకుంటాం. దొరలు భయపడి సర్వే చేయించారు. 1908లో ఛోటానాగ్‌పూర్ టెనెన్సీ యాక్ట్ తెచ్చారు. అందరూ సీఎన్‌టీ అంటారు. తర్వాతి సవరణలన్నీ కలుపుకుని దాని 46వ సెక్షన్ చెప్పేది ఒక్కటే. ఆదివాసీ రైతు తన భూమిని అమ్మితే ఇంకో ఆదివాసీకే అమ్మాలి, వాడు అదే పోలీస్ స్టేషన్ పరిధిలో ఉండేవాడై ఉండాలి, పైగా డిప్యూటీ కమిషనర్ అనుమతి ఉండాలి. పోలీస్ స్టేషన్ పరిధి అనే షరతు మన 1/70లో కూడా లేదు. కాగితం మీద అంత గట్టి చట్టం అది.

ఇప్పుడు లెక్క చూడండి. 1951లో రాంచీ పట్నం జనాభా లక్ష పైచిలుకు. 2011లో 10 లక్షల 73 వేలు. అరవై ఏళ్ళలో పది రెట్లు. ఇంతమంది ఎక్కడ ఇళ్ళు కట్టారు? గాలిలో కట్టలేదు కదా.

దీనికి మూడు దార్లు కనిపించాయి మాకు. మొదటిది పెద్దది, ప్రభుత్వమే వేసిన దారి. సీఎన్‌టీ అమ్మకాన్ని ఆపుతుంది గానీ ప్రభుత్వం చేసే భూసేకరణను ఆపదు. అప్పట్లో 1894 నాటి భూసేకరణ చట్టం దాని నెత్తి మీద కూర్చుని ఉండేది. 1958లో హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్, అంటే హెచ్‌ఈసీ, హటియా దగ్గర పెట్టారు. దేశంలోని ఉక్కు ఫ్యాక్టరీలకు యంత్రాలు తయారు చేసే ఫ్యాక్టరీ. దాని కోసం తీసుకున్న భూమి 7 వేల ఎకరాలకు పైనే. ఇరవైకి పైగా ఊళ్ళు పోయాయి. నీళ్ళ కోసం హటియా డ్యామ్ కట్టారు, దాని కింద ఇంకొంత మునిగింది. 1963 నవంబర్ 15న నెహ్రూ వచ్చి ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. బిర్సా పుట్టినరోజు నాడే. ఆ రోజు అలా కుదిరిందో, కావాలని పెట్టారో గానీ, పొలాలు పోయినవాళ్ళకు అది ఎలా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఫ్యాక్టరీ కోసం ఇచ్చాం, దేశం కోసం ఇచ్చాం అని ఆ ముసలివాళ్ళు అన్నారు. సరే. కానీ ఫ్యాక్టరీకి అంత భూమి అక్కర్లేకపోయింది. వేల ఎకరాలు ఖాళీగా పడి ఉన్నాయి. హెచ్‌ఈసీ నష్టాల్లో పడింది. రాంచీ 2000 నవంబర్ 15న కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. అప్పుడు ఆ ఖాళీ నేల బంగారమైంది. ఎవరికి? హెచ్‌ఈసీ దాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించింది, మరికొంత లీజుకిచ్చింది. క్రికెట్ స్టేడియం అక్కడే కట్టారు, 2013 జనవరిలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది. కుటే ఊరి నేలలో కొత్త అసెంబ్లీ భవనం లేచింది, 2019 సెప్టెంబర్‌లో ప్రధాని మోదీ ప్రారంభించారు. ధుర్వాలో కొత్త హైకోర్టు, 2023 మే నెలలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా. 656 ఎకరాల్లో స్మార్ట్ సిటీ.

ఇందులో మనం పట్టుకోవాల్సిన చట్టం ముక్క ఒకటుంది. 1894 చట్టం కింద ఒకసారి భూమి తీసుకుంటే అది పూర్తిగా ప్రభుత్వానిదే. ఏ పని కోసం తీసుకున్నారో ఆ పనికి వాడకపోయినా, పాత యజమాని తిరిగి అడగడానికి అందులో హక్కు లేదు. ఫ్యాక్టరీ పేరు చెప్పి తీసుకున్న పొలంలో అరవై ఏళ్ళ తర్వాత అపార్ట్‌మెంట్ కట్టినా అడిగే దిక్కు ఉండదు. 2013 కొత్త చట్టంలో 101వ సెక్షన్ పెట్టారు, ఐదేళ్ళు వాడకపోతే పాత యజమానికి గానీ, ల్యాండ్ బ్యాంకుకు గానీ తిరిగి పోవాలని. ఆ "గానీ" అనే చిన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. ల్యాండ్ బ్యాంకు అంటే మళ్ళీ ప్రభుత్వమే. నిర్వాసితుల సంఘాలు ఇప్పటికీ మిగులు భూమి మాకు తిరిగి ఇవ్వండి అని అడుగుతూనే ఉన్నాయి.

నగ్రీ సంగతి ఇంకా చిత్రం. రాంచీ పక్కన కాంకే వైపు ఊరది. 1957-58లో వ్యవసాయ విశ్వవిద్యాలయం కోసం సేకరించామని ప్రభుత్వం మాట. రైతుల్లో ఎక్కువమంది పరిహారం తీసుకోలేదు. డబ్బు ట్రెజరీలో పడి ఉంది, రైతులు పొలం దున్నుకుంటూనే ఉన్నారు. ఒక తరం అయిపోయింది, రెండో తరం వచ్చింది. 2012లో ఒక్కసారిగా పోలీసులతో వచ్చి ఆ 227 ఎకరాల్లో ఐఐఎంకు, లా యూనివర్సిటీకి, ఐఐఐటీకి అని గోడ కట్టడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు మండుటెండలో పొలంలోనే కూర్చున్నారు. నెలల తరబడి. ఆ ఎండకు కొందరు ముసలి ఆడవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉద్యమానికి ముందు నిలబడిన దయామణి బార్లాను ఆ ఏడాది అక్టోబర్‌లో జైల్లో పెట్టారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా రైతులకు ఊరట దొరకలేదు. ఐఐఎం చివరికి వేరే చోట కట్టారు, లా యూనివర్సిటీ మాత్రం అక్కడే ఉంది. 2025లో అదే నగ్రీలో పెద్ద ఆసుపత్రి కడతామంటే జనం మళ్ళీ నాగళ్ళు పట్టుకుని పొలంలోకి దిగారు.

చదువుకునే మనకు ఇది కాస్త ఇబ్బంది పెట్టే కథ. ఎందుకంటే అక్కడ కట్టింది మద్యం ఫ్యాక్టరీ కాదు, కాలేజీలు. మనకే సీట్లు కావాలి, మనకే హాస్పిటల్ కావాలి. నగ్రీ వాళ్ళు కూడా చదువు వద్దు అనలేదు, బంజరు నేల ఉంది కదా, పండే పొలంలోనే ఎందుకు అని అడిగారు. దానికి ఇప్పటిదాకా సరైన జవాబు రాలేదు. నగరం ప్లాను వేసేవాడికి ఖాళీగా, చదునుగా, రోడ్డు పక్కన, ఒకే ముక్కగా దొరికే నేల కావాలి. వరి మడి అలాగే ఉంటుంది మరి.

ఇక్కడ ఒక నమ్మకం గురించి కూడా చెప్పాలి. పరిహారం తీసుకోకపోతే భూమి మనదే అని మన ఏజెన్సీలో కూడా చాలామంది పెద్దలు అనుకుంటారు. 2020లో ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, ఇవ్వజూపిన పరిహారాన్ని మనం వద్దన్నంత మాత్రాన సేకరణ రద్దు కాదు. పాత సేకరణ రద్దు కావాలంటే పరిహారం చెల్లించకపోవడం, స్వాధీనం చేసుకోకపోవడం రెండూ ఉండాలి. కాబట్టి డబ్బు వద్దని ఇంట్లో కూర్చుంటే సరిపోదు. అభ్యంతరం రాతపూర్వకంగా, గడువు లోపల వేయాలి.

రెండో దారి చాటుది. 46వ సెక్షన్ ఉన్నా ఊళ్ళలో భూమి చేతులు మారుతూనే వచ్చింది. రైతు చేత జమీందారుకు "నాకీ భూమి వద్దు" అని సరెండర్ రాయించి, మళ్ళీ దాన్నే దికూకు పట్టా చేయించేవారు. సాదా హుకుంనామా అనే తెల్ల కాగితం అక్కడ తిరిగింది, మన దగ్గర సాదా బైనామా తిరిగినట్టే. కోర్టులో ఉత్తుత్తి దావా వేసి, రాజీ కుదిరిందని డిక్రీ తెచ్చుకునేవారు. ఆదివాసీ పేరు మీద బినామీగా కొనడం అక్కడా ఉంది, మన దగ్గరా ఉంది. దాని గురించి మీకు మేము కొత్తగా చెప్పేదేం లేదు, రోడ్డు పక్కన లాడ్జీలు ఎవరి పేరున ఉన్నాయో, ఎవరు నడుపుతున్నారో ఊరందరికీ తెలుసు.

వీటిని ఆపడానికి 1969లో బీహార్ షెడ్యూల్డ్ ఏరియాస్ రెగ్యులేషన్ వచ్చింది. మన 1/70కి ఒక్క ఏడాది ముందు. ఆ కాలంలో దేశమంతా ఆదివాసీ భూముల మీద అలజడి ఉంది, శ్రీకాకుళం మంటలు మనకు తెలియనివి కావు. ఈ రెగ్యులేషన్‌తో సీఎన్‌టీలో 71-ఏ సెక్షన్ చేరింది. అక్రమంగా పోయిన భూమిని డిప్యూటీ కమిషనర్ తిరిగి ఇప్పించవచ్చు. దీన్ని విచారించే కోర్టులను ఎస్‌ఏఆర్ కోర్టులు అంటారు. వినడానికి బాగుంది కదా. కానీ ఆ సెక్షన్ తోకలో ఒక మినహాయింపు పెట్టారు. రెగ్యులేషన్ రాకముందే కొన్నవాడు ఆ భూమిలో గట్టి కట్టడం కట్టి ఉంటే, అలాంటి భూమికి బదులు వేరే భూమి గానీ, తగిన పరిహారం గానీ ఇప్పించి ఆ బదిలీని చెల్లుబాటు చేయవచ్చు అని.

రాంచీని కట్టింది ఈ ఒక్క వాక్యమే అంటే పెద్ద తప్పేం కాదు. ఎలాగంటారా? ఆదివాసీ చేతనే నా భూమి తిరిగి ఇప్పించండి అని ఎస్‌ఏఆర్ కోర్టులో కేసు వేయిస్తారు. ఎదుటివాడు వచ్చి ఇక్కడ 1969కి ముందు నుంచే ఇల్లుంది అంటాడు. ఇద్దరూ పరిహారానికి ఒప్పుకుంటారు. కోర్టు ముద్ర పడుతుంది. దొంగతనంగా కొన్న భూమి ఒక్క ఉత్తర్వుతో దొరతనంగా మారిపోతుంది. భూమిని తిరిగి ఇవ్వడానికి పెట్టిన కోర్టు భూమిని అమ్మిపెట్టే కోర్టు అయింది. ఈ పరిహారం నిబంధనను ఎత్తేయాలని ఆదివాసీ సంఘాలు ఏళ్ళ తరబడి అడిగింది ఇందుకే.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. 1992లో పాండే ఉరావ్ కేసులో సరెండర్ కూడా బదిలీ కిందికే వస్తుంది, 71-ఏ వర్తిస్తుంది అంది. మనవాళ్ళకు మంచి తీర్పు. 2004లో సీతూ సాహు కేసులో, ఎప్పుడైనా అని చట్టంలో ఉన్నా నలభై ఏళ్ళ తర్వాత వచ్చి అడిగితే కుదరదు, సహేతుకమైన కాలంలోనే రావాలి అంది. చదువు లేని రైతు, పట్నం కోర్టు, సహేతుకమైన కాలం. ఈ మూడూ ఒక చోట ఎప్పుడు కలుస్తాయో చెప్పడం కష్టం.

పోల్చి చూస్తే మన 1/70 ఇక్కడే బలంగా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. ఇల్లు కట్టేశాడు కాబట్టి పరిహారంతో సరిపెట్టండి అనే తోక అందులో లేదు. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ రెగ్యులేషన్ చెల్లుతుందని తేల్చింది. 1997 సమతా తీర్పు దాని మీద ఇంకో అంతస్తు. మన చట్టాన్ని "కాస్త సడలిస్తే అభివృద్ధి" అని ఎవరైనా అన్నప్పుడు, ఆ సడలింపు ఏ వాక్యం రూపంలో వస్తుందో చూడాలి. రాంచీలో అది మంచి మాటలాగే వచ్చింది. పరిహారం, ప్రత్యామ్నాయ భూమి, ఇలాంటి మాటలతో.

మూడో దారి మాస్టర్ ప్లాను. పట్నం పెరిగితే పక్క ఊళ్ళను కలుపుకుంటుంది. రాజ్యాంగంలో 243-జెడ్‌సీ అనే అధికరణ ఉంది. మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు, పార్లమెంటు చట్టం చేసి విస్తరించాలి అని. పంచాయతీల విషయంలో అలాంటి చట్టం 1996లో వచ్చింది, అదే పెసా. మున్సిపాలిటీల కోసం 2001లో బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. రాంచీ జిల్లా ఐదో షెడ్యూల్‌లోనే ఉంది, రాంచీ నగరపాలక సంస్థ మాత్రం 1979 నుంచే ఉంది. ఊరు పంచాయతీగా ఉన్నంతకాలం గ్రామసభ అని ఒకటుంటుంది, కనీసం అడగాలి. వార్డుగా మారిన రోజు నుంచి ఆ గ్రామసభ లేదు. 2037 మాస్టర్ ప్లానులో చుట్టుపక్కల ఊళ్ళను కలిపినప్పుడు జనం వ్యతిరేకించింది ఇందుకే. ప్లాను రంగుల మ్యాపులో పసుపు అంటే నివాసం. మన పొలం మీద పసుపు పూసిన రోజు మనకెవరూ ఫోన్ చేసి చెప్పరు. మన భద్రాచలం అంత పెద్ద ఊరైనా పంచాయతీగానే నడవడం చూసి కొందరు వెనకబాటు అంటారు. డ్రైనేజీ లేదు, నిధులు రావు అనే బాధ నిజమే, మేము కాదనం. కానీ ఆ గొడవ వెనక ఉన్న అసలు ప్రశ్న ఇదీ అని గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన పాడేరుకూ రేపు ఇదే ప్రశ్న వస్తుంది.

సిరమ్‌టోలి ఫ్లైఓవర్ గొడవ చాలామంది వీడియోల్లో చూసే ఉంటారు. సర్నా అంటే సాల చెట్ల కింద దేవతల తావు. సర్హుల్ పండుగ రోజు నగరంలోని ఊరేగింపులన్నీ సిరమ్‌టోలిలోని కేంద్రీయ సర్నా స్థలానికి చేరతాయి. సాల పూలు పూసే కాలంలో చేసే ఆ పండుగ మనకు ఇటుకల పండుగ, కోయ భూమి పండుగ ఎంతో వాళ్ళకు అంత. మెకాన్ వైపు నుంచి వచ్చే ఫ్లైఓవర్ ర్యాంపు సరిగ్గా ఆ సర్నా గేటు ముందు దించారు. జనం రారా, ఊరేగింపు ఎలా పోతుంది అని గొడవ చేశారు. 2025 మార్చి 22న రాంచీ బంద్ జరిగింది. అయినా జూన్‌లో ప్రారంభించారు. పేరు మాత్రం కార్తీక్ ఉరావ్ ఫ్లైఓవర్ అని పెట్టారు. కార్తీక్ ఉరావ్ మామూలు మనిషి కాదు, ఇంగ్లండులో చదివి వచ్చి హెచ్‌ఈసీలో ఇంజనీరుగా పని చేసి, తర్వాత లోహర్‌దగా ఎంపీ అయిన పెద్దాయన. మన పెద్దల పేర్లు పెట్టి మన మీదుగా రోడ్డు వేయడం ఈ మధ్య బాగా అలవాటైంది.

మరి జనం గెలిచింది ఎక్కడా లేదా అంటే ఉంది. 2016 నవంబర్‌లో జార్ఖండ్ అసెంబ్లీ సీఎన్‌టీని, సంతాల్ పరగణా చట్టాన్ని సవరిస్తూ బిల్లులు ఆమోదించింది. వ్యవసాయ భూమిని వేరే పనులకు వాడుకోవచ్చు, ప్రభుత్వ ప్రాజెక్టుల జాబితా పెంచవచ్చు అని. అదే బిల్లులో ఎస్‌ఏఆర్ పరిహారం తీసేస్తామనే తీపి ముక్క కూడా కలిపారు. జనం ఆ తీపికి పడలేదు. ఊరూరా సభలు, ర్యాలీలు. 2017లో గవర్నర్ సంతకం పెట్టకుండా బిల్లులు వెనక్కి పంపారు, ఆగస్టులో ప్రభుత్వం ఉపసంహరించుకుంది. ఆ గవర్నర్ ద్రౌపదీ ముర్మే.

అక్కడి చదువుకున్న ఆదివాసీ యువతలో ఇంకో వాదన కూడా నడుస్తోంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఉద్యోగం వచ్చి రాంచీలో ఇల్లు కట్టుకుందామంటే, వేరే పోలీస్ స్టేషన్ పరిధి వాడివి కాబట్టి ఆదివాసీవైనా కొనలేవు. ఇంటి లోనుకో, చదువు లోనుకో ఆ భూమిని తనఖా పెడదామంటే బ్యాంకు వెనకాడుతుంది. చట్టం మాకు సంకెళ్ళు అయింది అంటారు వాళ్ళు. ఈ బాధ మన గ్రూపులో ఉద్యోగాలు చేస్తున్న అన్నయ్యలు, అక్కయ్యలు కూడా చెప్పారు. మా అభిప్రాయం ఏంటంటే, బ్యాంకు లోను సమస్యకు మందు ప్రభుత్వ గ్యారంటీ, గిరిజన కార్పొరేషన్ లోను లాంటివి. భూమిని అమ్మే సరుకుగా మార్చడం మాత్రం కాదు. దీని మీద భేదం ఉన్నవాళ్ళు కింద రాయండి, తిట్టుకోకుండా మాట్లాడుకుందాం.

ఇంకో పని కూడా ఉంది. మీ మండల కేంద్రం పట్నంగా మారే ప్రతిపాదన ఏదైనా నడుస్తుంటే, అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో మీ పంచాయతీ పేరు ఉందేమో సచివాలయంలో గానీ, పంచాయతీ ఆఫీసులో గానీ అడిగి తెలుసుకోండి. మ్యాపు ఉంటే ఫోటో తీసి పంపండి. గ్రామసభ తీర్మానం జరిగిందా లేదా, జరిగితే తేదీ ఏమిటి, రిజిస్టర్‌లో సంతకాలు ఎవరివి అనేది కూడా రాయండి. ఎల్‌టీఆర్ కేసు గెలిచి కూడా భూమి చేతికి రాని కుటుంబాలు మీ గూడెంలో ఉంటే, ఉత్తర్వు కాపీ భద్రంగా ఉందో లేదో ముందు అది చూడండి.